టాపెట్ సౌండ్ పూర్తిగా పోగొట్టమని మెకానిక్‌ని అడక్కండి, ముందు మీ బండి హెడ్‌లో ఏముందో చూసుకోండి

మా నాన్న స్ప్లెండర్‌లో టిక్ టిక్ సౌండ్ ఎక్కువైందని ఒకసారి ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రేస్ ఇచ్చి చెవి దగ్గర పెట్టి విని "టాపెట్లు లూజయినాయ్, ఐదు నిమిషాల పని" అని, ఇంజిన్ ఇంకా సెగలు కక్కుతుండగానే రెండు క్యాప్‌లు ఊడదీసి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) అనే మాటే లేకుండా టాపెట్ స్క్రూలు (వాల్వుల్ని నొక్కే మరలు) బిగించి సౌండ్ మొత్తం పోగొట్టాడు. నాన్న తెగ సంబరపడ్డారు, కొన్నప్పుడు కూడా బండి ఇంత నిశ్శబ్దంగా లేదన్నారు. నెల తిరక్కుండానే కథ మారింది. పొద్దున్నే కిక్కు మీద కిక్కు కొట్టినా అందుకోదు, అందుకున్నా ఐడ్లింగ్‌లో నిలబడదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లోంచి టప్ టప్ అని పేలుళ్లు, ఫ్లైఓవర్ ఎక్కాలంటే మూడో గేరు. చివరికి హెడ్ (సిలిండర్ మీద మూతలా కూర్చునే భాగం) దించి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు (పొగ బయటికి వదిలేది) అంచు ఒక పక్క ఎలక కొరికినట్టు కాలిపోయి ఉంది.

అప్పట్నుంచి మా ఇంట్లో బళ్ల టాపెట్లు నేనే చూసుకుంటున్నా. ఇదేం బ్రహ్మవిద్య కాదు, ఆదివారం పొద్దున ఒక గంట చాలు. కాకపోతే పానా పట్టుకునే ముందు ఆ హెడ్ లోపల ఏది ఎక్కడుంది, ఎందుకుంది అనేది తెలియాలి. అది తెలిస్తే ఏ బండికి ఏం చెయ్యాలో, ఏ బండి జోలికి అసలు వెళ్లకూడదో మీకే అర్థమవుద్ది.

ఆ వెంట్రుకంత గ్యాప్ ఎందుకు

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిరుగుతుంది, ఆ ఒక్క చుట్టులో ఇన్లెట్ వాల్వు (గాలి, పెట్రోల్ లోపలికి వదిలేది) ఒకసారి, ఎగ్జాస్ట్ వాల్వు ఒకసారి తెరుచుకుని మూసుకుంటాయి. అంటే 8000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 4000 సార్లు, సెకనుకి అరవై ఆరు సార్లకి పైనే కొట్టుకుంటుంది. క్యామ్ గుడ్డు ఆకారంలో ఉంటుంది కదా, దాని ఎత్తు రాకర్ ఆర్మ్‌ని లేపుతుంది, రాకర్ రెండో చివర ఉన్న టాపెట్ స్క్రూ వాల్వు కాడ మీద నొక్కుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, క్యామ్ దాటిపోగానే స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి సీట్ (మూసుకున్నప్పుడు వాల్వు ఆనుకునే అంచు) మీద కూర్చోబెడుతుంది.

వాల్వు మూసుకుని ఉన్నప్పుడు టాపెట్ స్క్రూకి వాల్వు కాడకి మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. ఎందుకంటే బండి నడుస్తుంటే వాల్వు కాడ వేడికి సాగుతుంది. ఖాళీ లేకపోతే సాగిన కాడ పోవడానికి చోటు లేక స్క్రూకి తగిలి, వాల్వు సీట్ మీద పూర్తిగా కూర్చోకుండా సన్నటి సందు మిగిలిపోతుంది. ఇన్లెట్‌కి ఇది కొంత పర్లేదు, ప్రతిసారీ చల్లటి గాలి పెట్రోల్ మిశ్రమం దాని మీదుగానే వెళ్తుంది. పాపం ఎగ్జాస్ట్ వాల్వుకి ఆ భాగ్యం లేదు, దాని పక్క నుంచి వెళ్లేదంతా మంటే. తన ఒంట్లో వేడి వదిలించుకోవడానికి దానికున్న పెద్ద దారి సీట్‌ని ఆనుకుని కూర్చోవడం, అక్కణ్నుంచి వేడి హెడ్‌లోకి, హెడ్ నుంచి ఫిన్స్‌కి (ఇంజిన్ బయట ఉండే రెక్కలు), ఫిన్స్ నుంచి గాలికి పోతుంది. సరిగ్గా కూర్చోనివ్వకపోతే ఆ దారి మూసుకుపోతుంది, పైగా ఆ సందులోంచి గ్యాస్ కటింగ్ టార్చ్‌లా బయటికి తన్నుకొస్తుంది. మా నాన్న బండిలో జరిగింది ఇదే.

అందుకే చెప్పేది, టిక్ టిక్ మని కాస్త వినపడే టాపెట్‌కి భయపడక్కర్లేదు, అసలు సౌండే రాని టాపెట్‌కి భయపడాలి. మరీ లూజైతే కూడా మంచిది కాదు లెండి, వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, పికప్ తగ్గుద్ది, రాకర్ సుత్తిలా కొట్టి క్యామ్ మీద గుంటలు పడతాయి. కానీ లూజ్ అయితే ఇంజిన్ అరిచి చెప్తుంది, టైట్ అయితే నోరు మూసుకుని చస్తుంది. ఇంకో సంగతి, చాలామంది వాడేకొద్దీ గ్యాప్ పెరుగుతుంది అనుకుంటారు, క్యామ్, రాకర్ అరిగితే పెరిగే మాట నిజమే గానీ వాల్వు, సీటు ఒకదాన్నొకటి అరగదీసుకుని వాల్వు లోపలికి కూరుకుపోతే గ్యాప్ తగ్గుతుంది. కాబట్టి సౌండ్ లేదు కదా అని చూడకుండా వదిలెయ్యకూడదు.

బయట నుంచి చూసి హెడ్ ఏ రకమో పట్టుకోవడం

పాతకాలం ఇంజిన్లలో వాల్వులు హెడ్‌లో ఉండేవే కావు, సిలిండర్ పక్కన బ్లాక్‌లో నిటారుగా నిలబడి ఉండేవి, హెడ్ అంటే గిన్నె మీద మూత అంతే. దీన్ని సైడ్ వాల్వ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం నడిపిన బీఎస్‌ఏ ఎం20 ఇలాంటిదే. విప్పడానికి సుఖం, పాడైపోయేది తక్కువ, కానీ మంట మండే గది పిస్టన్ మీద నుంచి పక్కకి, వాల్వుల మీదికి సాగి ఉంటుంది కాబట్టి కంప్రెషన్ పెంచలేరు, గాలి కూడా మెలికలు తిరిగి లోపలికి రావాలి.

తర్వాతది పుష్‌రాడ్, అంటే ఓవర్ హెడ్ వాల్వ్. వాల్వులు పైన హెడ్‌లోకి వచ్చాయి గానీ క్యామ్ మాత్రం కింద క్రాంక్ దగ్గరే ఉండిపోయింది, కింది నుంచి పైకి రెండు పొడవాటి కడ్డీలు నెడితే పైన రాకర్లు ఊగుతాయి. మన పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇదే, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. కుడి పక్క సిలిండర్ మొదట్లో ఒక చిన్న డోర్ లాంటి కవర్ కనిపిస్తుంది చూడండి, టాపెట్లు ఆ డోర్ వెనక ఉంటాయి, పైన కాదు.

ఎస్‌ఓహెచ్‌సీ (సింగిల్ ఓవర్ హెడ్ క్యామ్) అంటే క్యామ్ కూడా హెడ్‌లోకి ఎక్కింది, క్రాంక్ నుంచి టైమింగ్ చైన్ దాన్ని తిప్పుతుంది. పుష్‌రాడ్ బరువు పోయింది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకుంటుంది. రోడ్డు మీద కనిపించే స్ప్లెండర్లు, యాక్టివాలు, పల్సర్ 150లు, 2020లో మీటియర్‌తో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ 349 సీసీ ఇంజిన్ అన్నీ ఇవే. స్ప్లెండర్‌లో సిలిండర్ దాదాపు ముందుకి పడుకుని ఉంటుంది కాబట్టి హెడ్ పైన ఒక గుండ్రటి క్యాప్, కింద ఒక క్యాప్ ఉంటాయి. పైది ఇన్లెట్, కార్బొరేటర్ వైపు. కిందది ఎగ్జాస్ట్, సైలెన్సర్ పైపు వైపు. ఏ బండికైనా ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, పెట్రోల్ వచ్చే గొట్టం ఎటుంటే అటు ఇన్లెట్, పొగ పోయే గొట్టం ఎటుంటే అటు ఎగ్జాస్ట్.

డీఓహెచ్‌సీలో (డబుల్ ఓవర్ హెడ్ క్యామ్) క్యామ్‌లు రెండు, ఇన్లెట్‌కి ఒకటి ఎగ్జాస్ట్‌కి ఒకటి, హెడ్ పైభాగం వెడల్పుగా పెట్టెలా కనిపిస్తుంది, చిన్న చిన్న టాపెట్ క్యాప్‌లు ఉండవు, మొత్తం కవరే విప్పాలి. ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ వాళ్లు ఈ వ్యాసం చదవడం ఇక్కడితో ఆపెయ్యొచ్చు, మీవి టూ స్ట్రోక్, ఇలాంటి వాల్వులే ఉండవు కాబట్టి టాపెట్ గొడవే లేదు, అదృష్టవంతులు.

రెండు వాల్వులా నాలుగు వాల్వులా

ఇది కాస్త ఆగి చెప్పాల్సిన విషయం. ఇంజిన్‌లోకి గాలిని ఎవరూ తొయ్యరు, పిస్టన్ కిందికి దిగితే ఖాళీ ఏర్పడి బయటి గాలే దూరుతుంది. ఎగ్జాస్ట్‌లో అలా కాదు, మంట ఒత్తిడి ఇంకా మిగిలి ఉంటుంది, దానికి తోడు పిస్టన్ వెనక నుంచి నెడుతుంది. అందుకే దాదాపు ఏ హెడ్ తీసి చూసినా ఇన్లెట్ వాల్వు పెద్దది, ఎగ్జాస్ట్ చిన్నది. హెడ్ దించినప్పుడు ఏది ఏదో అనుమానం వస్తే సైజు చూడండి.

మరి ఇన్లెట్‌ని ఇంకా పెద్దది చేస్తే పోలా అంటే బోరులో చోటు అంతే ఉంది, పైగా పెద్ద వాల్వు బరువు ఎక్కువ, స్ప్రింగ్ దాన్ని వేగంగా వెనక్కి లాగలేక ఎక్కువ ఆర్‌పీఎంలో వాల్వు గాల్లో తేలిపోతుంది. ఒకటికి బదులు రెండు చిన్నవి పెడితే? లెక్క వేసి చూడండి. వాల్వు కొద్దిగా తెరుచుకున్నప్పుడు గాలి దూరేది దాని అంచు చుట్టూ, కాబట్టి చుట్టుకొలతే ముఖ్యం. 32 మిల్లీమీటర్ల వాల్వు ఒకటి ఉంటే చుట్టుకొలత దాదాపు 100 మిల్లీమీటర్లు. 26 మిల్లీమీటర్లవి రెండు పెడితే కలిపి 163. అంతే ఎత్తు లేచినా గాలికి దారి ఒకటిన్నర రెట్లు పైనే, ఒక్కో వాల్వు బరువూ తక్కువ.

ఇంకో లాభం కూడా ఉంది, నాలుగు వాల్వులు నాలుగు మూలలకి సర్దుకుంటే నడిమధ్యన ప్లగ్‌కి చోటు దొరుకుతుంది. ప్లగ్ మధ్యలో ఉంటే మంట అన్ని వైపులకీ సమానంగా పాకి తొందరగా మండడం పూర్తవుతుంది, ఇంజిన్ కొట్టడం (నాకింగ్) తగ్గుతుంది. రెండు వాల్వుల హెడ్‌లో మధ్య చోటు వాల్వులే తినేస్తాయి కాబట్టి ప్లగ్ ఒక పక్కకి జరగాల్సిందే, మంట అటు చివర నుంచి ఇటు చివరకి నడవాలి. 2003లో పల్సర్‌కి డీటీఎస్‌ఐ అని రెండు ప్లగ్‌లు పెట్టింది ఈ ఇబ్బందికి మందుగానే, ఒక పక్క నుంచి కాకుండా రెండు పక్కల నుంచీ అంటిస్తే మధ్యలో కలుసుకుంటాయని.

హెడ్ మారితే ఎంత తేడా వస్తుందో చూడాలంటే పల్సర్ 200 ఎన్ఎస్, కేటీఎం 200 డ్యూక్ పక్కపక్కన పెట్టండి. రెండూ 2012లో మన దగ్గరికి వచ్చినవే, బోరు 72, స్ట్రోక్ 49, రెండూ 199.5 సీసీ, రెండిటికీ నాలుగేసి వాల్వులు. డ్యూక్‌కి డీఓహెచ్‌సీ, 25 పీఎస్ (పవర్ కొలత), 10000 ఆర్‌పీఎం దగ్గర. ఎన్ఎస్‌కి ఎస్‌ఓహెచ్‌సీ, మూడు ప్లగ్‌లు, 23.5 పీఎస్, 9500 దగ్గర. కంప్రెషన్, ఫ్యూయల్ సిస్టమ్ కూడా వేరే కాబట్టి తేడా అంతా క్యామ్‌దే అనలేం గానీ ఒకే పొయ్యి మీద రెండు వంటలు అన్నమాట. ఎస్‌ఓహెచ్‌సీ అంటే చిన్నచూపు చూసేవాళ్లకి ఇంకోటి చెప్పాలి, ఆర్15 ఎస్‌ఓహెచ్‌సీనే, 155 సీసీ వెర్షన్ 3లో 7400 ఆర్‌పీఎం దాటగానే ఇన్లెట్ వాల్వులు అదే క్యామ్ మీదున్న వేరే గుడ్డు మీదకి మారతాయి, కింద పికప్పూ పైన పరుగూ రెండూ దొరుకుతాయి.

నాలుగుతో ఆగలేదు కూడా, యమహా 1985లో ఎఫ్‌జెడ్750కి సిలిండర్‌కి ఐదు పెట్టింది, మూడు ఇన్లెట్, రెండు ఎగ్జాస్ట్. డుకాటీ వాళ్లయితే స్ప్రింగ్‌నే నమ్మకుండా వాల్వు మూయడానికి కూడా ఇంకో రాకర్ పెట్టారు, డెస్మో అంటారు, అందులో తెరిచే గ్యాప్, మూసే గ్యాప్ రెండూ కొలవాలి. మనకొద్దు ఆ తలనొప్పి.

ఊర్లో బండి నడిపేవాళ్లకి నా అభిప్రాయం అడిగితే రెండు వాల్వులే హాయి. తక్కువ ఆర్‌పీఎంలో సన్నటి దారిలో గాలి వేగంగా దూసుకొస్తుంది, పెట్రోల్ బాగా కలుస్తుంది, రెండో గేర్‌లో నత్తనడక నడిపినా ఇంజిన్ గుంజుకోదు. ఇన్లెట్ పోర్ట్ రుద్ది పెద్దది చేస్తే పవర్ వస్తుందని హెడ్ పట్టుకెళ్లి గ్రైండర్ పెట్టించే కుర్రాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ వేగాన్నే.

స్ప్లెండర్ టాపెట్ సెట్టింగ్ ఇంట్లో చేసుకోవడం

కావాల్సినవి ఫీలర్ గేజ్, క్యాప్‌లకి సరిపడే రింగ్ పానా, లాక్ నట్‌కి 9 నంబర్ రింగ్ పానా, టాపెట్ స్క్రూ తల నాలుగు పలకలుగా ఉంటుంది దాన్ని పట్టుకునే చిన్న టాపెట్ కీ, క్రాంక్ తిప్పడానికి సాకెట్ ఉన్న టీ పానా, ప్లగ్ పానా, పాత గుడ్డ. ఫీలర్ గేజ్ 0.05 రేకు నుంచి మొదలయ్యేది కొనండి, కొన్ని చవక గేజ్‌లలో 0.10 కింద రేకులే ఉండవు.

గ్యాప్ ఎంత అనేది మీ బండి మాన్యువల్ చెప్పిందే వేదం. సీడీ 100 కాలం నుంచి వచ్చిన ఈ పడుకున్న హోండా తరహా ఇంజిన్లలో రెండిటికీ 0.05 మిల్లీమీటర్లు వాడుక, వెంట్రుక మందం కూడా ఉండదు. వేరే మోడళ్లలో చాలా వాటికి ఇన్లెట్ ఒక అంకె, ఎగ్జాస్ట్ దానికంటే ఎక్కువ అంకె ఉంటుంది, ఒకదాని అంకె ఇంకోదానికి పెట్టకండి. ఆ అంకె చల్లటి ఇంజిన్‌కి. చల్లటి అంటే గంట క్రితం ఆపింది కాదు, రాత్రంతా నిలబెట్టి తెల్లారి ముట్టుకోవాలి. మే నెలలో విజయవాడలో తెల్లారి కూడా చల్లగా ఉండదు అనుకోండి, ఆరింటికే మొదలుపెట్టండి.

బండి సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో పెట్టండి. ముందు ప్లగ్ విప్పండి, కంప్రెషన్ అడ్డం లేకపోతే క్రాంక్ వేలితో తిప్పినట్టు తిరుగుతుంది. విప్పే ముందు ప్లగ్ చుట్టూ దుమ్ము ఊదండి, టాపెట్ క్యాప్‌ల చుట్టూ కూడా, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా క్యామ్‌కి చేటు. ఎడమ పక్క మ్యాగ్నెట్ కవర్ మీద రెండు మూతలు ఉంటాయి, మధ్యలోది క్రాంక్ తిప్పడానికి, పైది గుర్తు చూడటానికి. రెండూ తియ్యండి, కొద్దిగా ఆయిల్ కారితే కంగారు పడకండి. తర్వాత హెడ్ మీద రెండు టాపెట్ క్యాప్‌లు. కింది క్యాప్ తీసేటప్పుడు ఒక చెంచాడు ఆయిల్ కచ్చితంగా కారుతుంది, కింద గుడ్డ పరచకపోతే ఇంట్లో వాళ్ల చేత మీకు వేరే సర్వీసింగ్ అవుద్ది.

ఇప్పుడు టీ పానాతో క్రాంక్‌ని ఎడమ పక్క నుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కులో, అంటే ముందు చక్రం వైపుకి నెమ్మదిగా తిప్పండి. పై కన్నంలో మ్యాగ్నెట్ మీద ఎఫ్ అనే అక్షరం, దాని వెంటనే టీ అనే అక్షరం వస్తాయి. ఎఫ్ స్పార్క్ టైమింగ్‌ది, మనకి కావాల్సింది టీ, దాని గీత కవర్ మీద గాటుకి సరిగ్గా ఎదురు రావాలి. అక్కడికి వస్తే పిస్టన్ పైకంటా వచ్చినట్టు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. టీ గుర్తు రెండు సందర్భాల్లో వస్తుంది, కంప్రెషన్ చివర ఒకసారి, ఎగ్జాస్ట్ చివర ఇంకోసారి. కంప్రెషన్‌లో రెండు వాల్వులూ మూసి ఉంటాయి, అప్పుడే కొలవాలి. ఎగ్జాస్ట్ చివర ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ రెండూ కొద్దికొద్దిగా నొక్కి ఉంటాయి, అక్కడ కొలిచి సెట్ చేశారంటే గ్యాప్ ఎక్కడికో పోతుంది. తెలుసుకోవడం ఎలా అంటే తిప్పేటప్పుడు ప్లగ్ కన్నం మీద బొటనవేలు పెట్టండి, గాలి పుస్సుమని వేలిని తోసింది అంటే కంప్రెషన్, ఆ వెంటనే వచ్చే టీ దగ్గర ఆపండి. ఆపాక రెండు రాకర్లనీ వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, టక్ టక్ అని సన్నగా ఆడాలి. ఆడకుండా బిగిసి ఉంటే మీరు తప్పు టీ దగ్గర ఉన్నారు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. తిప్పినా ఒకటి ఆడట్లేదంటే ఆ వాల్వు టైట్ అయిపోయింది, మీరు ఈ పని మొదలుపెట్టి మంచి పని చేశారు.

0.05 రేకుకి ఒక చుక్క ఆయిల్ రాసి స్క్రూకి వాల్వు కాడకి మధ్య దూర్చండి. దూరి, లాగితే కాస్త పట్టుకున్నట్టు వస్తే సరిగ్గా ఉంది. ఎంత పట్టు అంటే, మూసిన పుస్తకంలోంచి కాగితం లాగుతున్నట్టు ఉండాలి, మడత పడకూడదు, జారిపోకూడదు. చేతి పట్టు మీద నమ్మకం లేకపోతే గేజ్‌లో దాని పై రేకు తీసుకోండి, 0.05 దూరాలి, పైది దూరకూడదు, అంతకంటే తిరుగులేని పరీక్ష లేదు.

సరిచెయ్యాలంటే 9 పానాతో లాక్ నట్ అర చుట్టు వదులు చేసి, రేకు మధ్యలో ఉంచే టాపెట్ కీతో స్క్రూ తిప్పండి. ఎంత తిప్పాలి అంటే చాలా తక్కువ, గడియారంలో పెద్ద ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత తిప్పితేనే ఈ గ్యాప్ మొత్తం మారిపోతుంది. కుదిరాక కీతో స్క్రూని కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్ బిగించండి, గట్టిగా కాదు, చాలు అనిపించేంత. నట్ బిగించేటప్పుడు స్క్రూ తనూ కొద్దిగా తిరుగుతుంది, గ్యాప్ మారుతుంది, మొదటిసారికే కుదిరితే మీకు చెయ్యి తిరిగినట్టే, నాకు ఇప్పటికీ రెండు మూడు సార్లు పడుతుంది. బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడకుండా క్యాప్ పెట్టొద్దు. రెండూ అయ్యాక క్రాంక్ రెండు చుట్లు తిప్పి అదే టీ దగ్గరికి తెచ్చి ఇంకోసారి కొలవండి.

క్యాప్ ఓ రింగ్‌లు (రబ్బరు రింగులు) రాయిలా గట్టిపడి ఉంటే కొత్తవి వెయ్యండి, పది ఇరవై రూపాయల వస్తువు, లేకపోతే వారంలో హెడ్ అంతా నూనె కారిన ప్రమిదలా తయారవుద్ది. క్యాప్ ముందు చేత్తో మరలు ఎక్కించి చివర్లో మాత్రమే పానా వాడండి. హెడ్ అల్యూమినియం, మరలు పోయాయంటే లేత్ షాపు చుట్టూ తిరగాలి.

స్టార్ట్ చేస్తే సన్నగా, ఒకే లయలో టిక్ టిక్ వినిపిస్తుంది. అది ఉండాలి. ఉండి ఉండి గట్టిగా టక్కుమంటే లేదా చైన్ ఈడ్చినట్టు గరగర వస్తే అది టాపెట్ కాదు, టైమింగ్ చైన్ లేదా దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, టాపెట్ బిగించి దాన్ని కప్పిపెట్టాలని చూడకండి. ఇంజిన్ ఆయిల్ కూడా ఒకసారి చూసుకోండి, హెడ్ పైన ఉంటుంది కాబట్టి ఆయిల్ తగ్గినా చిక్కబడినా ముందు ఎండిపోయేది క్యామూ రాకర్లే.

బుల్లెట్‌కి, డ్యూక్‌కి ఇదే పద్ధతి పనికిరాదు

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఫీలర్ గేజే అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ చివర పెట్టి, కుడి పక్క డోర్ తీసి పుష్‌రాడ్‌ని రెండు వేళ్లతో తిప్పి చూడండి, గిర్రున తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆట ఉండకూడదు. తిరక్కపోతే టైట్, ఆడితే లూజ్, అంతే సంగతి. సరిచెయ్యడానికి మందంగా ఉండే మామూలు పానాలు ఆ సందులో పట్టవు, పలచటివి కావాలి, ఒకదాన్ని కదలకుండా పట్టి ఇంకోదాన్ని తిప్పాలి, మొదటిసారి వేళ్లు దోక్కుపోతాయి. తర్వాత వచ్చిన యూసీఈ ఇంజిన్ బుల్లెట్, క్లాసిక్‌లలో హైడ్రాలిక్ టాపెట్లు, ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ వాటంతటవే సర్దుకుంటాయి, మీరు తిప్పడానికి స్క్రూనే లేదు, సౌండ్ వస్తే ఆయిల్ సంగతి చూడండి.

డీఓహెచ్‌సీ బళ్లలో ఎక్కువ వాటికి షిమ్‌లు ఉంటాయి, అంటే రూపాయి బిళ్లలా చిన్న ఉక్కు బిళ్లలు, కావాల్సిన మందం ఉన్నది పెట్టి గ్యాప్ సరిచేస్తారు. కొలవడం వరకు మీరూ చెయ్యొచ్చు. మార్చాలంటే చాలా వాటికి క్యామ్‌లు ఊడదీసి మళ్లీ టైమింగ్ కలపాలి, చైన్ ఒక్క పన్ను తప్పి కూర్చున్నా వాల్వు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది. ఇది అనుభవం ఉన్నవాళ్లకే వదిలెయ్యండి, నేనూ చెయ్యను.

వాల్వు ఇప్పటికే కాలిపోతే

గ్యాప్ సరిచేసినా కంప్రెషన్ రాకపోతే హెడ్ దించక తప్పదు. దించాక ఒక చిన్న పరీక్ష మీరే చెయ్యొచ్చు, ప్లగ్ బిగించి ఉంచి హెడ్‌ని బోర్లించి వాల్వులు పైకి కనపడేలా పెట్టి ఆ గిన్నెలో కిరోసిన్ పొయ్యండి, ఐదు నిమిషాలాగి ఇన్లెట్, ఎగ్జాస్ట్ కన్నాల్లోకి టార్చ్ కొట్టి చూడండి, ఏ కన్నం తడిస్తే ఆ వాల్వు పట్టట్లేదు. మా నాన్న బండి హెడ్‌లో ఎగ్జాస్ట్ పక్క నుంచి కిరోసిన్ ఆగకుండా కారిపోయింది, ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అంచు కాలిపోయిన వాల్వుని రుద్ది బాగుచెయ్యలేరు, కొత్తది వెయ్యాలి, గైడ్ (వాల్వు కాడ జారే గొట్టం) అరిగితే గైడ్ కూడా. సీట్ గుంటలు పడితే లేత్ షాపులో సీట్ కటింగ్ చేయించాలి, మేం విజయవాడ ఆటోనగర్‌లో చేయించాం. కట్ చేశాక గ్రైండింగ్ పేస్ట్ పెట్టి వాల్వుని చేత్తో అటూ ఇటూ తిప్పి రుద్దాలి, మజ్జిగ కవ్వం తిప్పినట్టే, మధ్యమధ్యలో ఎత్తి వేరే చోట పెట్టి మళ్లీ. తుడిచి చూస్తే వాల్వు అంచు మీద చుట్టూ తెగకుండా ఒక మిల్లీమీటర్ వెడల్పున బూడిద రంగు పట్టీ కనపడాలి. ఎక్కడైనా మెరుపు మచ్చ మిగిలితే అక్కడ తగలట్లేదని అర్థం. పేస్ట్ ఒక్క పొర కూడా మిగలకుండా పెట్రోల్‌తో కడగండి, అది గైడ్‌లోకి పోతే కొత్త వాల్వు కాడని అరగదీస్తుంది. కాడ సీల్స్ పాతవి మళ్లీ వాడకండి. స్ప్రింగ్ చుట్లు ఒక చివర దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉంటే దగ్గరగా ఉన్న వైపు హెడ్ వైపుకి రావాలి. హెడ్ ప్యాకింగ్ కొత్తది, నట్లు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించడం, మ్యాగ్నెట్ టీ దగ్గర ఉండగా క్యామ్ స్ప్రాకెట్ గుర్తు హెడ్ మీద గాటుకి ఎదురు పెట్టడం, ఇవి ఏ మెకానిక్ చేసినా మీరు పక్కన నిలబడి చూడండి, టీ తాగడానికి వెళ్లకండి.

హెడ్ పని అయ్యాక 500 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒక రాత్రి బండి చల్లారబెట్టి గ్యాప్ కొలవండి. కొత్తగా రుద్దిన సీట్లు సర్దుకుంటాయి, గ్యాప్ తగ్గుతుంది. మా బండికి అప్పుడు ఇన్లెట్‌లో 0.05 రేకు మామూలుగానే దూరింది, ఎగ్జాస్ట్‌లో మొన కూడా దూరలేదు, మళ్లీ ఐదు నిమిషాల ముల్లంత వదులు చెయ్యాల్సి వచ్చింది.